మీకు తెలుసా? మూస్తే జేబులో, తెరిస్తే తిత్తి!

బాపట్లలో 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి, చొక్కా జేబులో పట్టే వెస్ట్ పాకెట్ కోడాక్ మడత కెమెరా బజారుకొచ్చి ఏడాదే అయింది. మూస్తే దాని మందం అంగుళం. 1915లో వచ్చిన ఆటోగ్రాఫిక్ రకానికి వెనక చిన్న తలుపు ఉండేది. అది తీసి, తేదీ, ఊరిపేరు పుల్లతో ఫిల్ము మీదే రాసుకోవచ్చు. అంత చక్కటి సదుపాయాన్ని ఎందుకు వదిలేశారో!

1924లో ఎవరెస్టు మీద కనుమరుగైన పర్వతారోహకుడు మెలొరీ వెంట ఉందంటున్నది ఈ కెమెరానే. 1999లో ఆయన దేహం దొరికింది, కెమెరా దొరకలేదు.

లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ముడుచుకునేది కొలిమి తిత్తి లాంటిదే. విసురుగా లాగితే లోపలి గాలి పలచబడి, ఫిల్ము ముందుకు ఉబ్బుతుంది, ఫొటో మసకేస్తుంది. అందుకే ముందు నెమ్మదిగా తెరవాలి, ఆ తర్వాతే రీలు తిప్పాలి. పాతది కొనేవాళ్ళు చీకటి గదిలో తిత్తి లోపల టార్చి వేసి చూడాలి. మూలల్లో చుక్కల్లా వెలుగు కనిపిస్తే తిత్తి చిల్లులు పడ్డట్టే. ఆగ్ఫా కంపెనీ పాత మడత కెమెరాలైన ఐసోలెట్‌లకు ఈ జబ్బు మామూలే.

వెనక ఎర్ర కిటికీ ఎందుకు? అందులోంచి చూస్తూ అంకె వచ్చేదాకా రీలు తిప్పడానికి. తొలినాటి ఫిల్ముకు ఎరుపు సోకేది కాదు. తర్వాత వచ్చిన పాంక్రోమాటిక్ ఫిల్ముకు సోకుతుంది. సూర్యలంక తీరపు ఇసుకలో మిట్టమధ్యాహ్నం తీసేవాళ్ళు ఆ కిటికీకి అరచెయ్యి అడ్డం పెట్టాల్సిందే.

తెనాలి–రేపల్లె పాసింజరు కిటికీలోంచి పక్కనున్న వరిచేను తీశారనుకోండి. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, షట్టరు సెకనులో 25వ వంతు తెరిచి ఉన్నంతలో బండి దాదాపు మూరెడు దూరం జరిగిపోతుంది. చేను చారలు చారలవుతుంది. 200వ వంతుకు పెడితే జరిగేది రెండంగుళాలే. చౌక ఐసోలెట్ షట్టర్లలో అంతకంటే వేగం ఉండేది కాదు.

చాలా మడత కెమెరాల్లో రీలు తిప్పడం మరిచి మళ్ళీ నొక్కినా అడ్డుకునేదేమీ లేదు. ఒకే గడిలో మామయ్యా, కొబ్బరిచెట్టూ కలిసిపోతారు!

సముద్రపు తేమకు లెన్సు మీద బూజు దారాల్లా పాకుతుంది. ముచ్చటగా కనిపించే తోలు సంచి ఆ తేమను పట్టి ఉంచుతుంది, అందులో పెట్టి బీరువాలో మరిచిపోవద్దు. సంచి వేరుగా, కెమెరా గాలి ఆడేచోట ఉంచాలి.

ఇక రీలు దొరకదన్న దిగులు వద్దు. ఐసోలెట్‌లో పట్టే 120 రకం ఫిల్ము 1901లో పుట్టింది, నేటికీ తయారవుతోంది. ఒక్కోదానికి 12 చదరపు ఫొటోలు వస్తాయి. వెస్ట్ పాకెట్ వాడే 127 మాత్రం వెతికితే గానీ చిక్కదు.