వస్తుప్రదర్శనశాలలు – యువజనులు

చెన్నపట్టణము ఎగ్మూరులోని మ్యూజియమును పూర్వము జనులు ‘చచ్చిన కాలేజి’ యనియు, జంతుప్రదర్శనశాలను ‘బ్రదికిన కాలేజి’ యనియు పిలిచెడివారు. మన యమరావతీ శిల్పములు పెక్కు ఆ చచ్చిన కాలేజిలోనే యున్నవి! పరిహాసముగా పుట్టిన పేరే యైనను మ్యూజియములవారి నేటి చిక్కంతయు నందులో నిమిడియున్నది. పదునారేండ్ల పిల్లవానికి గాజుపెట్టెలోని వస్తువు చచ్చినదే. వాని చూపు చేతిలోని సెల్‌ఫోను మీద నుండును. కావున మ్యూజియములే యా ఫోనులోనికి పోయి వానిని పిలువసాగినవి. ఈ పిలుపు ఎప్పుడు ఫలించునో, ఎచ్చట సందేహమునకు తావిచ్చునో మనవి చేసెదను.

ఇంగ్లండులోని రెడింగు పట్టణమున ఇంగ్లీషువారి గ్రామజీవనమునకు సంబంధించిన మ్యూజియ మొకటి కలదు. పాత సేద్యపద్ధతులు మాయమగుచున్నవని గ్రహించి అచ్చటి విశ్వవిద్యాలయమువారు దానిని 1951లో స్థాపించిరి. అందు రాజుల కిరీటములు లేవు. నాగళ్ళు, బండ్లు, కొడవళ్ళు, పొలముల ఛాయాపటములు కలవు. మీరు చేతబట్టి పనిచేసినవంటి వస్తువులే. వీనిని చూచుటకు పడుచువారెందులకు వత్తురు?

2018 ఏప్రిలులో ఆ మ్యూజియమువారు, నేడు ఎక్స్ అని పేరు మారిన ట్విట్టరునందు, 1962లో తీసిన యొక పొట్టేలి పటమును పెట్టిరి. ఎక్స్‌మూర్ హార్న్ అను జాతిది. ఉన్నితో నిండి, మోయలేని మూటవలె నిలిచియుండును. ‘అబ్బ, ఎంత విగ్రహమో చూడుడు’ అను నర్థమువచ్చునట్లు పడుచువారి యాసలో నొక్క ముక్క మాత్రము దానిమీద వ్రాసిరి. లక్షమందికి పైగా దానిని మెచ్చుకొనిరి. సంతలో నొకడు నవ్వుచు చెప్పిన మాట సాయంకాలమునకు పదియూళ్ళకు ప్రాకును గదా! ఇదియు నట్టిదే. మెచ్చినవాడు మిత్రులకు పంపును. పెక్కురు మెచ్చినదానిని కంపెనీవారి యంత్రము మఱి కొందఱి ముందుంచును.

అయితే హాస్యమొక్కటియే చాలదు. ఆ పటమునకు జాతిపేరు, సంవత్సరము వ్రాసి భద్రపఱచినవారు పూర్వమే యుండిరి. నవ్వుచు వచ్చి ప్రశ్నించినవానికి చెప్పుటకు సమాధాన ముండెను.

అదే సంవత్సరము వారు మఱియొకటి చూపిరి. రిచర్డు బీల్ అను పదుమూడేండ్ల బాలుని లెక్కల పుస్తకమది, 1784 నాటిది. లెక్కల నడుమ ఆ బాలుడు ఇజారు తొడిగిన కోడిని గీసినాడు! నాకు పొట్టేలికంటె నీ కోడియే మేలనిపించును. రెండువందల యేండ్లకు పూర్వము గూడ లెక్కలకు విసిగి బొమ్మలు గీసినవాడుండెనని తెలిసినంతనే వాడు నేటి పిల్లవానికి చుట్టమైపోవును.

ఇటలీలోని ఫ్లోరెన్సు నగరమున ఉఫీజి యను చిత్రశాల త్రోవ వేఱు. 2020లో కరోనావలన తలుపులు మూసిన దినములలో నది టిక్‌టాకున చేరి తన ప్రాచీన చిత్రములతోనే హాస్యపు తునకలను చేయించినది. మన దేశమున టిక్‌టాకు ఆ యేడు జూనులోనే నిషిద్ధమయ్యెను. ఆ మాట యట్లుండనిండు. జూలైలో, ఫోనులలో గొప్ప పేరుగల కియారా ఫెర్రాన్యి యను వనిత వచ్చి బొత్తిచెల్లి చిత్రము ముందు ఫోటో తీయించుకొనెను. ఆ వారాంతమున యువజనులు వెనుకటి వారాంతముకంటె నూటికి 27 వంతులు హెచ్చుగా వచ్చిరని చిత్రశాలవారు ప్రకటించిరి. కొందఱు ఇది చిల్లర పని యని యాక్షేపించిరి. నా సందేహము వేఱు. జూనులో మరల తెఱచిన చిత్రశాలకు వేసవిలో జనము నానాటికి పెరుగుట సహజమే గదా! ఒక్క వారాంతపు లెక్క నే కారణమునకు ముడివేయగలము? వచ్చినవారు చిత్రముకొఱకు వచ్చిరో, ఆమె నిలిచిన చోట నిలుచుటకు వచ్చిరో యెవరు చెప్పగలరు?

హైదరాబాదు సాలార్జంగు మ్యూజియములో గంట కొట్టు చిన్నబొమ్మగల గడియారము ముందు ప్రతి గంటకు జనము గుమిగూడుదురు. అది లోపలి వస్తువే పిలిచిన పిలుపు. ఫోనుద్వారా పిలుచువారికి నేనైతే ఈ గడియారమునే చూపుదును.

మీ యూరి బాలుడు మూలబడిన గొర్రును ఫోటోతీసి లోకమునకు చూపవచ్చును. దానిని చూచిన పట్టణపు పిల్లలు మీదనున్న గిన్నె యేమని యడుగుదురు. అది జడ్డిగమనియు, విత్తనములు దానినుండి గొట్టములద్వారా చాలులోనికి జారుననియు ఫోటో తీసిన బాలునికి తెలియదు. వాడు మీ యరుగు మీదికి వచ్చి యడిగినప్పుడు, ఆ పేర్లతోపాటు గొర్రు చేసిన వడ్రంగి పేరును, ఏ పొలమున నడచినదో కూడ వానిచేత వ్రాయింపుడు.