కాలగా మిగిలిన కాగితములు

మొదటి ప్రపంచ సంగ్రామమున బ్రిటిషు సేనలో చేరి మడిసిన తమ ముత్తాత ఏ యూరివాడో, ఏ రణరంగమున నేలకొరిగెనో తెలిసికొనగోరు ఐర్లండు కుటుంబములకు ముందుగా ఎదురగునవి రెండు అగ్నికాండములు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధారంభమున, డబ్లిన్ ఫోర్ కోర్ట్సు ఆవరణములోని ప్రభుత్వ పత్రాలయము ప్రేలి శతాబ్దముల లిఖితసంపద భస్మమయ్యెను. 1940లో జర్మను బాంబులకు లండనులోని సైనిక పత్రాగారము దగ్ధమై, సామాన్య సైనికుల సేవాపత్రములలో సగమునకు పైగా నశించెను.

అయినను 1901, 1911 జనాభా లెక్కల పత్రములు నేటికిని నిలిచియున్నవి. 1911 పత్రమున, దంపతులకు ఎందరు బిడ్డలు పుట్టిరి, వారిలో ఎందరు జీవించియున్నారు అను ప్రశ్నలు కలవు. ఆ రెండంకెల నడిమి భేదమును చూచినచో, యుద్ధమునకు పూర్వమే ఆ తల్లి యెంత కడుపుకోత ననుభవించెనో బోధపడును. ఇక పటాలముల దినచర్య పుస్తకములు అధికారులను పేరుతోను, సామాన్య సైనికులను తరచుగా అంకెలతోను పేర్కొనుచుండగా, మృతునకు రావలసిన జీతపు బాకీ ఎవరికి చెల్లింపబడెనో తెలుపు లెక్కల చిట్టా అతని తల్లినో, భార్యనో, చెల్లెలినో పేరుతో చూపును. నా యభిప్రాయమున యుద్ధవర్ణనము లన్నిటికంటె ఈ చిట్టాయే విలువైనది.

రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్సు మొదటి పటాలము కథ మనకు మరింత సమీపము. ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు యూరోపియను పటాలమే 1881లో ఆ పేరు దాల్చెను. 1915 ఏప్రిల్ 25న గల్లిపోలి తీరమున పడవలు దిగుచుండగనే ఆ పటాలమువా రనేకులు తుపాకిగుండ్లకు బలియైరి. 1922లో ఆ రెజిమెంటు రద్దయ్యెను. స్వతంత్ర ఐర్లండులో బ్రిటిషు దుస్తులు ధరించినవారి స్మృతి చిరకాలము ఆదరణకు నోచుకొనకపోగా, ఎన్నియో యిండ్లలో పతకములు పెట్టెల అడుగున చేరినవి. ఆ మౌనము అగ్నికంటె ఎక్కువ నష్టము చేసినదని నా నమ్మకము. చనిపోయినవారి పేర్లతో 1923లో ఎనిమిది సంపుటములు వెలువడినను, ఐరిషు పటాలములలో చేరిన ఇతర దేశీయుల పేర్లును వానిలో కలిసియున్నవి గనుక జాగ్రత్తతో చదువవలయును.

కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి జాబితా ఎల్లరకును అందుబాటులో నున్నది. అందు భారతసేనలో మడిసినవారి పేర్లును కలవు; మద్రాసు పటాలములలో చేరి తిరిగిరాని మన పూర్వుల వంశీకులు సైతము ఆ జాబితాను ఒకసారి వెదకవలెనని నా ప్రార్థన.