భయం మంచిదే.. కానీ అన్ని భయాలూ కాదు! మేలు చేసేదేదో, ముంచేదేదో ఇలా తెలుసుకోండి

చీకట్లో పొలం గట్టు మీద నడవాలంటే భయం. పరీక్షలంటే భయం. డాక్టర్ టెస్టులు రాస్తే రిపోర్టులో ఏమొస్తుందోనని భయం. భయపడితే పిరికివాళ్లనే మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నిజానికి భయం మన ఒంటికి కాపలాదారు లాంటిది. చిక్కల్లా ఏంటంటే.. ఆ కాపలాదారు దొంగ వచ్చినా అరుస్తాడు, పిల్లి వచ్చినా అరుస్తాడు. ఏ అరుపుకు లేవాలో తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

భయపడితే ఒంట్లో ఏం జరుగుతుంది?

మన మెదడులో బాదం గింజ ఆకారంలో అమిగ్దాలా అనే చిన్న భాగం ఉంటుంది. ప్రమాదం అనిపించగానే మనం ఆలోచించేలోపే అది హెచ్చరిక పంపేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమటలు పడతాయి, కండరాలు బిగుసుకుంటాయి. ఇదంతా పారిపోవడానికో, ఎదురు తిరగడానికో శరీరం చేసుకునే ఏర్పాటు.

మరి అసలు భయమే లేకపోతే? అరుదైన జన్యు వ్యాధి వల్ల అమిగ్దాలా పూర్తిగా దెబ్బతిన్న ఓ అమెరికా మహిళను శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించారు. పాములంటే తనకు ఇష్టం లేదని చెప్పిన ఆమె, పాములమ్మే దుకాణానికి తీసుకెళితే వాటిని చేత్తో పట్టుకుని ఆడించారు. ప్రమాదాలకు దూరంగా ఉండలేక చాలాసార్లు ప్రాణాల మీదకు తెచ్చుకున్నారు. అంటే భయం లేకపోవడం ధైర్యం కాదు, అదీ ముప్పే.

పాము భయమే చెబుతుంది తేడా

మేలు చేసే భయానికి, కీడు చేసే భయానికి తేడా తెలియాలంటే పాము భయాన్నే చూడండి. మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని ఓ అధ్యయనం అంచనా. వారిలో ఎక్కువ మంది పల్లెవాసులే. కాబట్టి ఈ భయం ఉత్త భయం కాదు. రాత్రిపూట టార్చిలైటు పట్టుకునేలా, పొలంలోకి బూట్లు వేసుకెళ్లేలా, నేల మీద కాకుండా మంచం మీద దోమతెర కట్టుకుని పడుకునేలా చేస్తే అది ప్రాణం కాపాడే భయం.

అదే భయం కాటు పడ్డాక ఎలా మారుతుందో చూడండి. కంగారులో పరుగులు పెడతారు, కాటు పైన తాడు బిగించి కట్టేస్తారు, బ్లేడుతో కోస్తారు, మంత్రం వేయిస్తామంటూ విలువైన గంటలు పోగొడతారు. ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే. చేయాల్సింది ఒక్కటే. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేరాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర.. ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది.

పాము ఒక్కటే, భయమూ ఒక్కటే. జాగ్రత్త నేర్పితే మేలు, బుర్ర పనిచేయకుండా చేస్తే కీడు.

ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి

1. ప్రమాదం ఇప్పుడు నిజంగా ఎదురుగా ఉందా, లేక నా ఊహలోనే ఉందా?
2. ఈ భయం నాతో ఏదైనా పని చేయిస్తోందా, ఉన్న పని ఆపేస్తోందా?
3. ప్రమాదం పోయాక భయం కూడా పోతోందా, రోజుల తరబడి వెంటాడుతోందా?

ఉదాహరణకు షుగర్ వస్తుందేమోనన్న భయంతో నడక మొదలుపెట్టి, ఏడాదికోసారి టెస్టు చేయించుకుంటే అది మంచి భయమే. రిపోర్టులో ఏముంటుందోనని అసలు టెస్టుకే వెళ్లకపోతే? భయపడినంత మాత్రాన షుగర్ ఆగదు, బయటపడటం మాత్రం ఆలస్యమవుతుంది.

పరీక్షల భయమూ అంతే. ఒత్తిడి ఓ స్థాయి వరకు పనితీరును పెంచుతుందని, అది దాటితే దెబ్బతీస్తుందని యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు 1908లోనే సూత్రీకరించారు. కొంచెం బెరుకు ఉంటేనే పిల్లలు పుస్తకం తీస్తారు. "ఈసారి తప్పితే నీ బతుకు ఇంతే" అని ఇంట్లో అంటూ ఉంటే మాత్రం చదివింది కూడా గుర్తురాదు.

అదుపులో పెట్టుకోవడం ఎలా?

* ముందు ఊపిరి: నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. నాలుగైదు నిమిషాలు చేస్తే గుండె దడ తగ్గుతుంది.
* కాగితం మీద పెట్టండి: "ఏదో అవుతుంది" అనే భయానికి హద్దు ఉండదు. ఏం అవుతుందో, అయితే ఏం చేస్తారో రాసుకుంటే దానికో రూపం వస్తుంది.
* మెట్టు మెట్టుగా: తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది. నలుగురిలో మాట్లాడాలంటే భయమా? మొదట ఇంట్లో, తర్వాత స్నేహితుల మధ్య, ఆ తర్వాత సభలో మాట్లాడండి. ఒక మెట్టు అలవాటయ్యాకే ఇంకోటి ఎక్కండి.
* మందు వద్దు: భయం పోవాలని మద్యం తాగితే అప్పటికి తగ్గినట్టు అనిపించినా, మత్తు దిగాక ఆందోళన ఇంకా ఎక్కువవుతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

భయం వల్ల నిద్ర, తిండి, ఉద్యోగం, చదువు దెబ్బతింటున్నా, నెలల తరబడి తగ్గకపోయినా మానసిక వైద్యులను కలవాలి. ఫోబియాలకు కౌన్సెలింగ్‌తో మంచి ఫలితం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక్క హెచ్చరిక. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే "భయం వల్లేలే" అని మీకు మీరే తేల్చేసుకోవద్దు. అది గుండె సమస్యా కాదా అన్నది ఆస్పత్రిలోనే తేలాలి. అలాంటప్పుడు భయపడి వెంటనే బయల్దేరడమే మంచిది.