కూలెంట్ ఎక్కడ కారుతోంది? రంగే చెబుతుంది!

సోలాపూర్ పేటల్లో మన పద్మశాలీలు నేసే చద్దర్లకు, తువ్వాళ్లకు రంగే అందం. పాత స్పోర్ట్స్ కారులో ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లీకును పట్టిచ్చేదీ రంగే!

పట్టుకోవడం ఎందుకంత కష్టం? 1972లో వచ్చిన ఫియాట్ ఎక్స్1/9నే చూడండి. ఇంజన్ సీట్ల వెనక, రేడియేటర్ ముందు. మధ్యలో కారు పొడవునా గొట్టాలు. ఏ గొట్టం తుప్పు పట్టినా, ఏ రబ్బరు పగిలినా కూలెంట్ కారుతుంది. వేడి ఇంజన్ మీద పడిన చుక్క వెంటనే ఆవిరైపోతుంది కాబట్టి నేల మీద తడి కూడా కనిపించకపోవచ్చు.

అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాక, కూలెంట్ పోసే మూత ఉండే చోట చేతిపంపు బిగించి గాలి ఎక్కిస్తారు. మీటరు ముల్లు మెల్లగా దిగుతోందా? లీకు ఉన్నట్టే. మరి ఎక్కడ? కూలెంట్‌లో మెరిసే రంగు కలిపి, బండిని కాసేపు నడిపి, అతినీలలోహిత దీపం వేసి చూస్తే కారిన చోటు పచ్చగా వెలుగుతుంది.

అలా మెరిసే ఫ్లోరెసీన్ అనే రంగును 1871లో తయారుచేసింది జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్. నేతగాళ్లకు ఇష్టమైన నీలిమందును ప్రయోగశాలలో సృష్టించిందీ ఆయనే! 1905లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్క జాగ్రత్త. ఇంజన్ వేడిగా ఉండగా మూత తీయొద్దు, ఒత్తిడికి మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది. అది తియ్యగా ఉంటుంది, కానీ విషం.