పొమ్మన్నా పోని మ్యాపులు
కంప్యూటర్ గేముల్లో మొండికేసే ఫైళ్లను వదిలించుకోవాలంటే ముందు వాటిని పట్టుకున్నదెవరో తెలియాలి

డిలీట్ నొక్కగానే, ఫైలు మరో ప్రోగ్రాంలో తెరిచి ఉందంటూ విండోస్ అడ్డుపడుతుంది. లేదా ఫైలు బుద్ధిగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లి, మర్నాడు గేమ్ తెరవగానే జాబితాలో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఆటగాళ్లు సొంతంగా తయారుచేసి పంచుకునే కస్టమ్ మ్యాపులతో వచ్చే పేచీ ఇదే. అలాగని ఇవి అల్లాటప్పా ఫైళ్లు కావు. 2003లో వార్‌క్రాఫ్ట్ 3కి ఓ అభిమాని చేసిన డోటా అనే మ్యాపే, 2013లో విడుదలైన డోటా 2కి మూలం.

పోర్ట్‌బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) శివార్లలోని బ్రూక్షాబాద్ లాంటి చోట్ల ఈ సమస్యకు మరో కోణం ఉంది. 2011 జనగణన ప్రకారం జనాభాలో దాదాపు 13 శాతం మంది తెలుగువారున్న అండమాన్ నికోబార్ దీవులకు చాలా ఏళ్లు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగానే అందేది. నత్తనడక వేగంలో దించుకున్న మ్యాపు పొరపాటున పోతే మళ్లీ తెచ్చుకోవడం పెద్ద పని. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భంలో వేసిన రూ.1,224 కోట్ల కేబుల్ ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది. వేగవంతమైన నెట్‌తో ఇప్పుడు దూరంగా ఉన్న సర్వరు కూడా మీ ఫైళ్లలో భాగస్వామి. అక్కడ ఉన్నంతకాలం ఇక్కడ చెరిపినా లాభం లేదు.

అందుకే మొదట చూడాల్సింది లక్షణం. ఫైలు అసలు పోవడం లేదా, పోయి తిరిగి వస్తోందా?

పోవడం లేదంటే దాన్ని ఏదో ప్రోగ్రాం పట్టుకుని ఉందన్నమాట. మూసేశామనుకున్న గేమ్ లేదా మ్యాప్ ఎడిటర్ తెరవెనుక నడుస్తుండవచ్చు. టాస్క్ మేనేజర్‌లో దాన్ని ముగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. దోషి దొరక్కపోతే రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ విభాగానికి వెళ్లి, హ్యాండిల్స్ దగ్గర ఫైలు పేరుతో వెతికితే పట్టుకున్నదెవరో బయటపడుతుంది. ఫైలు రీడ్ ఓన్లీగా ఉందేమో, ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో ఉండి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కోరుతోందేమో కూడా చూసుకోవాలి. ఇవేవీ పనిచేయకపోతే కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి తొలగించాలి.

తిరిగి వస్తోందంటే మరో ప్రతి ఎక్కడో ఉన్నట్టే. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఓ మెలిక ఉంది. పాత గేములు ప్రోగ్రాం ఫైల్స్‌లో రాయబోయిన ఫైళ్లను అది గుట్టుగా యూజర్ ఖాతాలోని వర్చువల్ స్టోర్ అనే ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. అసలు ఫోల్డర్‌లో చెరిపినా గేమ్‌కు ఈ రెండో ప్రతి కనిపిస్తూనే ఉంటుంది. దాచి ఉంచిన యాప్ డేటాలో, లోకల్ ఫోల్డర్ కింద దీన్ని వెతకాలి.

స్టీమ్ ద్వారా ఆడేవారి సంగతి వేరు. 2011లో మొదలైన వర్క్‌షాప్‌లో సబ్‌స్క్రైబ్ చేసిన మ్యాపును ఫోల్డర్‌లో చెరిపితే స్టీమ్ దాన్ని మళ్లీ దించవచ్చు. ముందు సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకోవాలి. క్లౌడ్‌లో దాచుకునే గేముల్లోనూ ఇదే కథ. గేమ్ మెనూలోనే డిలీట్ సదుపాయం ఉంటే అక్కడి నుంచే తొలగించడం మేలు. ఇక కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో ఆ మ్యాపు నడుస్తున్న సర్వర్‌లో చేరితే ఫైలు మళ్లీ దిగడం మామూలే.

మొండి ఫైళ్లను బలవంతంగా చెరిపేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్లు నెట్‌లో కోకొల్లలు. వాటిలో కొన్ని ప్రకటనల ప్రోగ్రాములను వెంటబెట్టుకొస్తాయి. పైన చెప్పిన పద్ధతులన్నీ విండోస్‌లో ఉన్నవే కాబట్టి వాటి జోలికి వెళ్లాల్సిన అవసరం అరుదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. దించుకున్న మ్యాపు పోతే ఇప్పుడు అండమాన్‌లోనూ మళ్లీ దించుకోవచ్చు. కానీ నెలల తరబడి కూర్చుని సొంతంగా గీసిన మ్యాపుకు ప్రతి ఒక్కటే ఉంటే అది ఏ సర్వర్‌లోనూ దొరకదు. డిలీట్ నొక్కే ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి పట్టేది నిమిషమే.