7.4 పవర్డ్ సబ్‌వూఫర్: మంద్రధ్వని పుట్టే విధానం

పాలకుర్తి ప్రాంతంలో ఒగ్గుకథ చూసినవారికి ఈ భాగంలోని సగం విషయం ముందే తెలుసు. ఒగ్గు, అంటే చిన్న డమరుకం, చెవికి మాత్రమే వినిపిస్తుంది. అదే బృందంలోని డోలు దెబ్బ ఛాతీకి తగులుతుంది. ఒగ్గును ఎంత గట్టిగా వాయించినా ఆ మంద్రధ్వని రాదు. దాని చర్మం చిన్నది, అది కదిలించే గాలి తక్కువ. హోమ్ థియేటర్ సబ్‌వూఫర్ విషయంలోనూ ప్రశ్న ఇదే: ఎంత గాలి కదులుతోంది?

మానవుని చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం గల ధ్వనులను గ్రహిస్తుంది. ఇందులో అట్టడుగున, దాదాపు 20 నుంచి 80 హెర్ట్జ్‌ల వరకు ఉండే భాగాన్ని సాధారణంగా సబ్‌వూఫర్‌కు అప్పగిస్తారు. అందులోని క్రాస్ఓవర్ వలయం అంతకు పై ధ్వనులను అణచివేస్తుంది. మిగిలిన విద్యుత్ సంకేతాన్ని యాంప్లిఫైయర్ పెంచి, స్పీకర్‌లోని వాయిస్ కాయిల్‌కు పంపుతుంది. కాయిల్ శాశ్వత అయస్కాంత క్షేత్రంలో ఉంటుంది కాబట్టి, విద్యుత్ ప్రవాహం దిశ మారినప్పుడల్లా ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానికి అతికించిన కోన్ గాలిని నెడుతుంది.

ఇక్కడే అసలు కష్టం ఉంది. పౌనఃపున్యం సగానికి తగ్గితే, అంతే ధ్వని పీడనం కోసం కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. 80 హెర్ట్జ్ వద్ద 1 మిల్లీమీటరు చాలితే, 40 వద్ద 4, 20 వద్ద 16 మిల్లీమీటర్లు కావాలి. చిన్న స్పీకర్ అంత దూరం కదలలేదు. అందుకే కోన్ వైశాల్యాన్ని పెంచుతారు. 12 అంగుళాల కోన్ వైశాల్యం 6 అంగుళాల దానికి సుమారు నాలుగు రెట్లు.

ఇక పెట్టె సంగతి. కోన్ ముందుకు కదిలినప్పుడు ఎదుట గాలి ఒత్తుకుంటుంది, వెనుక పలుచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పెట్టెలేని స్పీకర్‌లో బేస్ నీరసంగా ఉండటానికి కారణం ఇదే. మూసిన పెట్టె వెనుక తరంగాన్ని బంధిస్తుంది. లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. కొన్ని పెట్టెలకు గొట్టం లాంటి రంధ్రం ఉంటుంది, దాన్ని పోర్ట్ అంటారు. ఖాళీ సీసా మూతిపై ఊదితే ఒక స్థిరమైన స్వరం వస్తుంది కదా, ఆ అనునాదమే పోర్ట్‌లోనూ జరుగుతుంది. ఆ పౌనఃపున్యం దగ్గర కోన్ కొద్దిగానే కదులుతుంది, ఎక్కువ ధ్వని పోర్ట్ నుంచి వస్తుంది. అంతకు దిగువన మాత్రం పోర్ట్ సాయం ఉండదు. కోన్ అదుపు తప్పి కాయిల్ దెబ్బతినవచ్చు.

యాంప్లిఫైయర్ పెట్టెలోనే ఉండటం వల్ల కలిగే లాభం ఇక్కడ తెలుస్తుంది. తయారీదారుకు కోన్, పెట్టె రెండూ ముందే తెలుసు. కాబట్టి అవి బలహీనపడే చోట సంకేతాన్ని పెంచి, ప్రమాదం ఉన్నచోట తగ్గించేలా వలయాన్ని అమర్చగలడు. అయితే ధ్వని 10 డెసిబెల్స్ పెరగాలంటే శక్తి పది రెట్లు కావాలి. అట్టపెట్టె మీద పి.ఎం.పి.ఓ. పేరుతో ముద్రించే వేల వాట్లను చూసి డబ్బు పెట్టకండి. అది క్షణకాలపు అంకె, దానికి ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లు, కోన్ వ్యాసం, ఎంత తక్కువ హెర్ట్జ్ వరకు పనిచేస్తుంది అన్నవి అడగండి.

చివరగా గది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే, 40 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 8.5 మీటర్లు. అందులో సగం, అంటే 4.25 మీటర్ల పొడవున్న గదిలో ఈ స్వరం ఎదురెదురు గోడల దగ్గర ఉబ్బి, నడుమ దాదాపు మాయమవుతుంది. మంచి పెట్టె కొని కూడా బేస్ లేదని షాపుకు తిరిగి తీసుకెళ్లేవారిలో కొందరు ఆ నడుమనే కూర్చున్నవారు!

మీరే చేసి చూడండి: సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి గోడల వెంట నడవండి. బేస్ నిండుగా, సమానంగా వినిపించిన చోట దాన్ని ఉంచండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక కోన్ 60 హెర్ట్జ్ వద్ద 2 మిల్లీమీటర్లు కదులుతుంది. అంతే ధ్వని పీడనం 30 హెర్ట్జ్ వద్ద రావాలంటే ఎంత కదలాలి? (జవాబు: 8 మిల్లీమీటర్లు)