కందకమునకు ఇరువైపుల

శీతకాలము వచ్చినంతనే పాఠశాలలలో విహారయాత్రల సందడి మొదలగును. హైదరాబాదు చూడవచ్చిన విద్యార్థులు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియములతోపాటు నెహ్రూ జంతు ప్రదర్శనశాలకును ఒక పూట కేటాయింతురు. ఆ పూట గడచు తీరు ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ద్వారము దాటినది మొదలు పరుగులు. ఏనుగు వద్ద రెండు నిమిషములు, కోతుల వద్ద అయిదు నిమిషములు. సింహము పడుకొనియున్నచో దానిని లేపుటకు ఈలలు, కేకలు. సాయంకాలమున చూచినదేమని అడిగినచో పిల్లలు జంతువుల పేర్లు మాత్రము అప్పగింతురు. ఆ పేర్లు పాఠ్యపుస్తకముననే కలవు. వానికై ఇంత దూరము రానక్కరలేదు.

బహదూర్‌పురా వద్ద మీర్ ఆలం చెరువు చెంత, సుమారు 380 ఎకరముల విస్తీర్ణమున ఈ ఉద్యానము నెలకొనియున్నది. 1959లో దీనికి అంకురార్పణ జరిగినది. 1963 అక్టోబరు 6న ప్రజలకు తలుపులు తెరచిరి. అంతకు పూర్వము నగరపు జంతుశాల పబ్లిక్ గార్డెన్స్‌లో నుండెడిది. కొత్త ఉద్యానమున సింహములకు, పులులకు ఇనుపకమ్మీల బోనులకు మారుగా విశాలమైన ఆవరణలు, వాని ముందు లోతైన కందకములు ఏర్పరచిరి. గట్టున నిలిచి చూచువానికి పచ్చిక, చెట్లు, వాని నడుమ పులి కానవచ్చును.

ఈ కందకమునకు ఒక చరిత్ర కలదు. 1828లో లండనులోని రీజెంట్స్ పార్కున జంతుశాల వెలసినప్పుడు అది పండితుల పరిశీలనకు ఉద్దేశింపబడినది; సామాన్య ప్రజలకు ప్రవేశము లభించినది 1847లో. ఆనాడు క్రూరమృగమునకు బోనే గతి. 1907లో జర్మనీ దేశమున హాంబర్గు నగరము చెంత కార్ల్ హాగెన్‌బెక్ తెరచిన జంతుశాల ఈ పద్ధతిని మార్చినది. ఏ మృగము ఎంత దూరము దుముకగలదో పరీక్షించి, అంతకు మించిన వెడల్పున కందకములు త్రవ్వించి, అతడు కమ్మీలను తొలగించెను. అయితే హాగెన్‌బెక్ స్వయముగా జంతువుల వర్తకుడు. అడవులలో పట్టిన ప్రాణులను దేశదేశములకు అమ్మినవాడు. బోను పోయినది గాని, చెర పోలేదు.

కందకము మనుష్యులను మృగముల బారినుండి కాపాడుటకే యని పిల్లలు తలంతురు. అది సగము నిజము. మృగములకును మనుష్యుల నుండి రక్షణ కావలెను. 2021 మే నెలలో ఈ ఉద్యానమందలి 8 సింహములకు కోవిడ్ సోకినట్లు వెల్లడియైనది. మనుష్యలోకమును గడగడలాడించిన వ్యాధి సింహముల ఆవరణలోనికిని చొరబడెను. ఇక దినదినమును జరుగు హాని వేరు. ముద్దుకొలది విసరిన బిస్కత్తు, దాని వెంట పడిన ప్లాస్టిక్ సంచి జింక కడుపున చేరినచో ప్రాణము మీదికి వచ్చును. జంతుశాలలోని ప్రాణిని ఏడిపించుట, మేత వేయుట, కేకలతో బెదరించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించు పనులు. ఈ సంగతి విద్యార్థులకు బస్సు దిగుటకు ముందే చెప్పవలెను.

చురుకైన విద్యార్థి ఇచ్చట ఒక ప్రశ్న వేయవచ్చును: నల్లమలలో పదుల చదరపు కిలోమీటర్ల మేర సంచరించు పులిని ఈ కొద్దిపాటి నేలలో నిలుపుట న్యాయమా? ఆ ప్రశ్నను దాటవేయరాదు. వినోదము ఒక్కటే ప్రయోజనమైనచో న్యాయము కాదనియే చెప్పవలసియుండును. అడవినుండి తీసికొన్న జంతుశాల అడవికి ఏమి తిరిగి ఇచ్చినదన్నదే అసలు విచారణ.

దీనికి సమాధానముగా చూపదగినది మూషిక జింక కథ. కుందేలంత ప్రాణి, బరువు సుమారు మూడు కిలోగ్రాములు. కొమ్ములు లేవు, మగదానికి పైదవడన చిన్న కోరలుండును. నిజమునకు ఇది జింకల కుటుంబమునకే చెందదు. ఆవు కడుపున నాలుగు గదులుండగా దీని కడుపున పూర్తిగా ఎదిగినవి మూడే. వేటవలన, అడవుల క్షీణతవలన అరుదగుచున్న ఈ ప్రాణిని వృద్ధిచేయుటకు 2010లో ఈ ఉద్యానముననే ఒక కేంద్రమును ఆరంభించిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, అటవీశాఖవారు కలిసి పనిచేసిరి. 2017లో ఇచ్చట పెరిగిన మూషిక జింకలను నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమున విడిచిరి. మొదట కంచెవేసిన చోట కొంతకాలముంచి, అడవికి అలవాటు పడనిచ్చిరి. ఇది చిన్న ఫలితమే. కాని జంతుశాల ఉనికికి ఇంతకన్న గట్టి కారణము దొరకుట కష్టము.

కావున ఉపాధ్యాయుడు ఉద్యానమంతయు చూపవలెనను తొందర మానవలెను. రెండు మూడు ప్రాణులను ఎన్నుకొని, ఒక్కొక్కదాని యెదుట అరగంట నిలుపుట మేలు. సింహము నిద్రించుచున్నచో నిరాశపడనేల? దినమునకు 18, 20 గంటలు విశ్రమించుట దాని స్వభావము. అదియు ఒక పాఠమే. అది ఏ నీడను ఎన్నుకొన్నది? నిద్రలో చెవులు కదలుచున్నవా? కాకి వాలినచో ఏమి చేసినది? పిల్లలు చూచినది చూచినట్లు తమ నోటుపుస్తకములలో వ్రాసికొనవలెను. మరునాడు తరగతిలో ఆ వ్రాతలను పోల్చినచో, ఒకే సింహమును ముప్పదిమంది ముప్పది విధముల చూచినట్లు తేలును. ఎవరిది నిజమో నిర్ణయించుటకు మరల చూడవలెనను కోరిక పుట్టును.

ప్రకృతిశాస్త్రమునకు ఆ కోరికయే మొదలు. సింహము ఎదుట అరగంట ఓపికగా నిలువనేర్చిన విద్యార్థికి ఊరి చెరువుగట్టున ముంగిస కనబడినను రాయి వెదకడు. కదలక నిలిచి, అది ఎటు పోవునో చూచును.